చింతలదిబ్బ విశ్వవిజేత

డిసెంబరు ముప్పై ఒకటిన పత్రికవాళ్ళు ఆ ఏటి ప్రపంచ క్రీడా ఫలితాలన్నీ ఒకే పేజీలో గుదిగుచ్చి వేయకపోయి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. వాళ్ళకేం, సంవత్సరం చివర పేజీ నిండాలి. పరుగులో ఫలానా దేశం, ఈతలో ఫలానా దేశం, బల్లెం విసరడంలో ఫలానా దేశం అంటూ, పతకాలు కొరుకుతున్న బొమ్మలతో సహా అచ్చేసి చేతులు దులుపుకున్నారు. ఆ పేజీని క్రీడల మంత్రిగారు కాఫీ తాగుతూ పైనుంచి కిందికి చదివారు. అనుమానం వచ్చి కిందినుంచి పైకి చదివారు. ఎటు నుంచి చదివినా మన రాష్ట్రం మనిషి ఒక్కడూ తగల్లేదు. మంత్రిగారి మనసు చివుక్కుమంది. మామూలు మనిషి మనసు చివుక్కుమంటే నిట్టూరుస్తాడు. మంత్రి మనసు చివుక్కుమంటే జీవో వస్తుంది.

వచ్చింది. "ఈ సంవత్సరమును విశ్వవిజేతల సంవత్సరముగా ప్రకటించడమైనది. రాష్ట్రమందలి ప్రతి మండలమునందును కనీసము ఒక విశ్వవిజేతను డిసెంబరు నెలాఖరులోగా తయారుచేయవలెను. తయారుచేయని అధికారుల విషయము తీవ్రముగా పరిగణించబడును."

మన జిల్లాకు లక్ష్యాలు కొత్త కాదు. ఇంకుడు గుంటలు తవ్వమంటే తవ్వాం. మొక్కలు నాటమంటే అవే గుంటల్లో నాటి రెండు పథకాలూ పూర్తిచేశాం. కాబట్టి ప్రపంచాన్ని జయించమన్నప్పుడు మనవాళ్ళు పెద్దగా కంగారుపడలేదు. ప్రతి శనివారం పంపాల్సిన నివేదికకు కాలమ్‌లు గీసుకున్నారు: తయారైన విజేతలు, తయారీలో ఉన్న విజేతలు, ఇంకా గ్రౌండింగ్ కాని విజేతలు.

ఈ కాలమ్‌లు గీసినది జిల్లా క్రీడాధికారి విశ్వపతిగారు. ఆయన క్రీడలశాఖకు మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. అక్కడ చెరువుల్లో చేపపిల్లల్ని వదిలిన అనుభవం దండిగా ఉంది. వదలడం వరకే మన పని, పెరగడం వాటి పని అన్న సిద్ధాంతం ఆయన అక్కడే నేర్చుకున్నారు.

మొదటి సమీక్షకు మండలానికొక వ్యాయామోపాధ్యాయుడు చొప్పున వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళలో చింతలదిబ్బ ఉన్నత పాఠశాల డ్రిల్లు మాస్టారు మజ్జి వైకుంఠరావు చివరి బెంచీలో ఉన్నాడు. యాభై అయిదు దాటిన మనిషి. మెడలో ఈల, ఈల ఆనుకోవడానికి వీలుగా పొట్ట. కుర్రతనంలో విశ్వవిద్యాలయం పోటీల్లో ఒకసారి పరిగెత్తి ఆరో స్థానం సంపాదించాడు. పరిగెత్తింది ఆరుగురే. తనకు ఆట రాదని అతనికి ఆ రోజే తెలిసిపోయింది. ఆట నేర్పడం వచ్చునని మాత్రం చింతలదిబ్బ వచ్చాకే తెలిసింది.

"చింతలదిబ్బ! విజేత ఏ దశలో ఉన్నాడు?" అన్నారు విశ్వపతిగారు.

"ఏ దశలోనూ లేడండి. ఖోఖో ఆడే ఆడపిల్లలున్నారు. బాగా ఆడతారండి. బూట్లు ఇప్పించి, రోజూ ఓ గుడ్డు పెట్టించి, ఒక పదేళ్ళు టైమిస్తే..."

"పదేళ్ళా? వైకుంఠరావుగారూ, పదేళ్ళకు కాలమ్ లేదు. శనివారానికి ఉంది."

అందరూ నవ్వారు. వైకుంఠరావూ నవ్వాడు. నలుగురూ నవ్వుతున్నప్పుడు, నవ్వేది తన మీదే అయినా సరే, తనూ నవ్వడం అతని సర్వీసంత పాత అలవాటు.

మూడు శనివారాలు గడిచాయి. జిల్లా నిండా సున్నాలే. పైనుంచి మెమో వచ్చింది. మెమో వచ్చిన మర్నాడు విశ్వపతిగారు వైకుంఠరావును ఒంటరిగా పిలిపించి కుర్చీ చూపించారు. ఆఫీసులో కుర్చీ చూపిస్తే ఏదో మూడిందనే అర్థం. మాస్టారు అంచు మీద కూర్చున్నాడు.

"విశ్వవిజేత అంటే ఏమిటి? శాస్త్రీయంగా పరిశీలిద్దాం," అన్నారు విశ్వపతిగారు. "ఒకటి, ఆట ఉండాలి. ఆటలకు మన సంస్కృతిలో కొదవ లేదు. రెండు, ఆ ఆటకు ప్రపంచ సమాఖ్య ఉండాలి. ఏడుగురు సంతకాలు పెడితే సొసైటీల రిజిస్ట్రారు నమోదు చేస్తాడు. పేరులో ప్రపంచం అన్న మాట వాడరాదని చట్టంలో ఎక్కడా లేదు, వెదికించాను. మూడు, ఓడిపోయిన విదేశీయుడు ఉండాలి. అక్కడే పథకం ఆగిపోయింది. విదేశీయుణ్ణి రప్పించడానికి నిధులు లేవు."

"నిజమేనండి," అన్నాడు వైకుంఠరావు, ఇందులో తన పాత్ర ఏమిటో తెలియక.

విశ్వపతిగారు అతని సర్వీసు రిజిస్టరు ముందుకు జరిపారు. "మీరు పన్నెండేళ్ళ కిందట దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి కోరారు."

"నేపాల్లో పశుపతినాథుడి దర్శనానికండీ. మా ఆవిడ మొక్కు. రెండు రోజులున్నాం. రెండో రోజంతా విరేచనాలు."

"వివరాలు అప్రస్తుతం. జిల్లా వ్యాయామోపాధ్యాయుల్లో అంతర్జాతీయ అనుభవం మీ ఒక్కరికే ఉంది. కనుక అంతర్జాతీయ క్రీడాకారుడి హోదాలో మీరు ప్రతి మండలానికీ వెళ్ళాలి. ఓడిపోవాలి."

"ఓడిపోవాలాండీ?"

"గౌరవప్రదంగా."

వైకుంఠరావు ఈల పట్టుకుని నలిపాడు. పిల్లలకు ఇన్నేళ్ళూ నేర్పిన మొదటి పాఠం, ఆడితే గెలవడానికి ఆడమని. ఆ మాటే నసుగుతూ చెప్పాడు. విశ్వపతిగారు చిరునవ్వుతో ఇంకో ఫైలు తీశారు.

"జిల్లాకొక విజయసౌధం మంజూరైంది. విజేతల పేర్లు పాలరాతి మీద చెక్కించి, ఫౌంటెను పెట్టాలి. రోడ్డు పక్కన రెండున్నర ఎకరాల స్థలం కావాలి. రెవెన్యూవారు మీ బడి మైదానం బాగుందంటున్నారు. ఫైలు ప్రస్తుతం నా బల్ల మీదే ఉంది. ఇక్కడే ఉండవచ్చు కూడా."

వైకుంఠరావు ఆ ఫైలు వంక చూశాడు. ఆ మైదానం అతని ప్రాణం. బతుకంతా ఎవరితో ఏ తగాదాకూ వెళ్ళని మనిషి, ఆ రెండున్నర ఎకరాల కోసం మాత్రం ఊరందరితోనూ తగువుపడ్డాడు. గేదెల్ని తోలాడు. వారపు సంతను పక్కకు జరిపించాడు. సర్కస్‌వాళ్ళ గుంజలు పీకించాడు. ఒకసారి ఒక పెద్దమనిషి హెలికాప్టరు దిగుతుందంటే, ముందురోజు రాత్రి పిల్లల చేత మైదానమంతా తవ్వించి నీళ్ళు పెట్టించాడు. సాయంత్రం నాలుగున్నరకు ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ ఆడపిల్లలు అక్కడ వరసగా కూర్చుని, ఒకరి వీపు ఒకరు తట్టి ఖో అంటుంటే, తన జన్మకు ఇది చాలనుకునేవాడు.

"ఓడిపోతానండీ," అన్నాడు.

మొదటి పోటీ పొరుగు మండలంలో. ఆట బిళ్ళంగోడు. విజేతగా నిర్ణయమైనది మండలాభివృద్ధి అధికారిగారి బామ్మర్ది. అంతర్జాతీయ క్రీడాకారుడికి యూనిఫారం ఉండాలని, పెళ్ళి బ్యాండువాళ్ళ దగ్గర బంగారు గుండీల ఎర్రకోటు అద్దెకు తెచ్చి వైకుంఠరావుకు తొడిగారు. పొట్ట దగ్గర రెండు గుండీలు పట్టలేదు. నోరు విప్పవద్దని విశ్వపతిగారు మరీ మరీ చెప్పారు. విప్పితే సిక్కోలు యాస బయటపడుతుందని ఆయన భయం.

బామ్మర్ది పుట్టి బుద్ధెరిగి కర్ర పట్టలేదు. గాలిలో నాలుగుసార్లు విసిరాడు. అయిదోసారి బిళ్ళకు పొరపాటున తగిలింది. అది తిన్నగా ఎగిరొచ్చి ప్రసాదంలా వైకుంఠరావు దోసిట్లో పడింది. పట్టుకుంటే ప్రపంచ కప్పు పోతుంది, తనకు మైదానం పోతుంది. దోసిలి విప్పేశాడు. బిళ్ళ కిందపడింది. బాజాలు మోగాయి. ఆ శనివారం నివేదికలో మొదటి కాలమ్‌లో ఒకటి అంకె వేసి, విశ్వపతిగారు దాన్ని ఎర్రసిరాతో దిద్దారు.

అది మొదలు. ఆ ఏడాది ప్రపంచమంతటా జరిగిన పోటీలకన్నా మన జిల్లాలో జరిగినవే ఎక్కువ. బొంగరాల్లో విశ్వవిజేత రేషను డీలరు. గోనెసంచి పరుగులో విశ్వవిజేత ఎరువుల కొట్టు యజమాని, సంచులూ ఆయనవే. తాడులాటలో పాల సంఘం సభ్యులు పదిహేనుమంది ఒకవైపు, అంతర్జాతీయ జట్టు తరఫున ఎర్రకోటు వైకుంఠరావు ఒక్కడూ ఒకవైపు. ఆ పోటీలో మాత్రం ఎవరూ నటించాల్సిన పని లేకపోయింది. కుర్చీలాటలోనూ అంతే. మండలాధ్యక్షుడు పాట మొదలుకాక ముందే కుర్చీలో కూర్చున్నాడు, పాట ఆగాక కూడా లేవలేదు.

కష్టమల్లా తొక్కుడుబిళ్ళలో వచ్చింది. అక్కడ విజేత సర్పంచిగారి అత్తగారు. ఎనభై ఏళ్ళావిడ. ఒంటికాలి మీద మొదటి గడిలో అడుగుపెట్టి, రెండో గడిలో చతికిలబడి, మజ్జిగ తెమ్మంది. కూర్చుని మజ్జిగ తాగుతున్న మనిషి చేతిలో ఎలా ఓడాలి? ఏ వ్యాయామ కళాశాలలోనూ చెప్పని విద్య అది. వైకుంఠరావు ఒక్క క్షణం ఆలోచించి మొదటి గడిలోనే ఢామ్మని పడి, ఆవిడ గ్లాసు ఖాళీ చేసేదాకా లేవలేదు. జనం ఆగకుండా చప్పట్లు కొట్టారు.

ఓడడానికీ సాధన కావాలని అతనికి అప్పుడు తెలిసింది. పెరట్లో పడడం అభ్యాసం చేస్తుంటే అతని భార్య దమయంతి అరుగు మీద కూర్చుని చూసింది.

"ఏటండీ ఇది, ఈ వయసులో?"

"ఓడిపోవడం నేర్చుకుంటున్నానే."

"ఇంట్లో ఇన్నేళ్ళు చేసిందదే కదండీ. మళ్ళీ కొత్తగా నేర్చుకోడం ఏటి?"

దమయంతి ఎగతాళి చేసిందే గానీ జిల్లాలో అతనికి పేరొచ్చేసింది. "నిన్న మాస్టారు ఓడిన తీరు చూశారా, కళ్ళు చెమర్చాయనుకోండి" అనేవారు. "ఓడితే ఆయనే ఓడాలి" అనేవారు. పక్క జిల్లావాళ్ళు తమ మండలాలకు కూడా అరువిమ్మని ఉత్తరాలు రాశారు. మనిషన్నాక పొగడ్తకు కరగకుండా ఉండడు. రెండు మూడు పోటీల్లో వైకుంఠరావు అవసరానికి మించి అందంగా ఓడిపోయాడు. ఒకచోట పడేముందు ఎర్రకోటు సర్దుకున్నాడు కూడా. అలా సర్దుకున్నందుకు ఆ రాత్రి తనమీద తనకే రోత పుట్టింది.

ఆ రోత మీద కారం చల్లే పని బడి పిల్లలు చూసుకున్నారు. ఒక సాయంత్రం ఖోఖో జట్టంతా అతని చుట్టూ చేరింది. జట్టు నాయకురాలు సీపాన యశోద, తొమ్మిదో తరగతి. చీమంత పిల్ల, పరిగెత్తితే చూపుకందదు.

"మాస్టారండీ, ఆ ముసలమ్మ కాడ మీరు కావాలనే పడిపోనారు కదా?"

"కాలు మెలికపడిందమ్మా."

"మా కాలు మెలికపడితే లేపి మళ్ళీ పరిగెట్టించేవోరు కదండీ?"

వైకుంఠరావుకు ఎడాపెడా చెంపలు వాయించినట్టయింది. ఈ నేల కోసమేనర్రా అని చెప్పేయాలనిపించింది. చెబితే ఫైలు బల్ల మీంచి కదులుతుంది. ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. పిల్లలు లేచి వరసల్లోకి వెళ్ళారు గానీ, ఆ రోజు అతని కళ్ళలోకి ఎవరూ చూడలేదు.

నవంబరు వచ్చేసరికి జిల్లాలో రెండు మండలాలు తప్ప అన్నీ జగజ్జేతలయ్యాయి. ఒకనాడు పొద్దున్నే మైదానంలోకి వెళ్ళిన వైకుంఠరావుకు తెల్లటి సున్నం గీతలు కనిపించాయి. ఎవరో పుణ్యాత్ములు ఖోఖో కోర్టు గీశారనుకుని మురిసిపోయాడు. కోర్టుకు ఇన్ని గుండ్రాలెందుకా అని దగ్గరికెళ్ళి చూస్తే, మధ్యలో ఒక చెక్క మీద రాసి ఉంది: ఫౌంటెను.

బస్సెక్కి ఆఫీసుకు పరిగెత్తాడు.

"మాటిచ్చారు కదండీ!"

"ఇచ్చాను. ఫైలు నేను కదపలేదు. దానంతటదే కదిలింది," అన్నారు విశ్వపతిగారు నిజమైన విచారంతో. "నిబంధన చూడండి. విజేత లేని మండలంలో మైదానం నిరుపయోగ ఆస్తిగా పరిగణించబడును. మీ చింతలదిబ్బలో ఇప్పటికీ సున్నాయే."

"మా దగ్గర ఎలా ఉంటాడండీ? ఓడేవాణ్ణి నేను. మా ఊళ్ళో పోటీ పెట్టమంటే, సొంత మండలంలో నన్ను విదేశీయుడిగా గుర్తించలేమన్నారు."

"అది మీ మండలం దురదృష్టం. మీ సేవలు మాత్రం అమూల్యం. విజయసౌధంలో ప్రతి విజేత పేరు కిందా మీ పేరుంటుంది, ఓడినవారిగా. అన్నిసార్లు మరెవరి పేరూ ఉండదు."

రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవడం దేనికి అనుకుంటూ వైకుంఠరావు మెట్లు దిగాడు. కింద గోడకు ఫ్లెక్సీ కడుతున్నారు. అందులో విశ్వపతిగారు దండతో నవ్వుతున్నారు. ఆఖరి పోటీ ఆయనదే. అధికారులు తలా ఒక మండలాన్ని దత్తత తీసుకోవాలన్నారు గనుక, ఆయన దత్తమండలం తరఫున ఆయనే నిమ్మకాయ-చెంచా పరుగులో విశ్వవిజేత కాబోతున్నారు. కాబోవడమేమిటి, శుభాకాంక్షలు కూడా అచ్చయిపోయాయి. కమిషనరుగారు స్వయంగా విచ్చేస్తున్నారు.

ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డప్పుడు వైకుంఠరావు బుర్రలో ఒక చిన్న ఆలోచన వెలిగింది. ఏడాదంతా ఎందుకు రాలేదో తెలియనంత చిన్నది. తను ఓడితే గెలిచేది వాళ్ళ మండలం. మరి తను గెలిస్తే? తనది చింతలదిబ్బ.

ఇంటికెళ్ళి దమయంతితో చెప్పాడు. ఆవిడ చేట పక్కనపెట్టింది.

"గెలవడం వొచ్చేటి మీకు?"

"రాదు. కానీ ఈసారి ఓడిపోవడం కుదరదు."

ఆవిడ ఎగతాళి చేయలేదు. ఊరగాయకు తెచ్చిన నిమ్మకాయల్లోంచి గుండ్రటిది ఒకటి ఏరి అతని చేతిలో పెట్టింది.

పోటీనాడు శామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. చింతలదిబ్బ ఖోఖో జట్టు కూడా ఒక ఆటోలో కుక్కుకుని వచ్చింది. చెంచా పళ్ళ మధ్య పట్టుకోవాలి, చెంచాలో నిమ్మకాయ, చేతులు వెనక్కి. నిమ్మకాయ పడితే ఓడినట్టే. పోటీకి ముందు విశ్వపతిగారు అతన్ని పక్కకు పిలిచి సూచనలిచ్చారు.

"ఆ జెండాకర్ర దాటగానే మీరు పడాలి. నిమ్మకాయ ఎడమవైపు దొర్లాలి. కెమెరా అటుంది."

వైకుంఠరావు తల ఊపలేదు. అప్పటికే నోట్లో చెంచా ఉండడం మంచిదయింది.

ఈల వేశారు. విశ్వపతిగారు హుందాగా ముందు నడిచారు. వైకుంఠరావు వెనక. మోకాళ్ళు కరకరలాడుతున్నాయి, ఎర్రకోటు చంకల్లో బిగుస్తోంది. ఏడాదంతా పడిన ఒళ్ళు, ప్రతి అడుగుకూ ఇక్కడ పడనా, ఇక్కడ పడనా అని అడుగుతోంది. పడకే, పడకే అని తన ఒంటిని తనే బతిమాలుకుంటూ నడిచాడు. జెండాకర్ర వచ్చింది. విశ్వపతిగారు నడక తగ్గించి వెనక చప్పుడు కోసం చూశారు. చప్పుడు రాలేదు. కనుబొమలెగరేశారు. వైకుంఠరావు చూపు నిమ్మకాయ మీదే ఉంది. ఆయన పక్కకొచ్చాడు. ఆయన్ని దాటాడు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో, కింది ఉద్యోగి తన కళ్ళముందే ముందుకెళ్ళిపోతుంటే నోరు మూసుకున్న అలవాటు విశ్వపతిగారికి లేదు.

"వైకుంఠరావు! పడమన్నానా!"

చెంచా ఒకవైపు, నిమ్మకాయ ఒకవైపు పడ్డాయి. నిమ్మకాయ మాత్రం ఆదేశాల ప్రకారమే ఎడమవైపు దొర్లి కెమెరా ముందు ఆగింది.

వైకుంఠరావు గీత దాటాడు. శామియానా కింద చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ ఆదేశాలు లేవు. ఆదేశాలతో పనిలేని జట్టు మాత్రం ఒక్కసారిగా కేకలేసుకుంటూ దూకి వచ్చి అతని మీద పడింది. "గెలిసేసినారు మాస్టారండీ! నిజంగా గెలిసేసినారు!" అంటూ యశోద అతని కోటు గుండీ ఒకటి ఊడేదాకా ఊపేసింది. యాభై అయిదేళ్ళలో తొలిసారి గెలిచిన మనిషికి ఏం చేయాలో తెలియక, నోట్లో చెంచా అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

కమిషనరుగారు ఫలితాన్ని చాలాసేపు పరిశీలించారు. "రాష్ట్రంలో ఈ ఏడాది వచ్చిన ఫలితాలన్నిటిలో, ముందుగా పంపిన ప్రతిపాదనకు భిన్నంగా వచ్చినది ఇదొక్కటే. ఇది నిజమైన ఆటలాగా కనిపిస్తున్నది. దీనిని జాగ్రత్తగా నిర్వహించవలసి ఉన్నది," అన్నారు.

"కానీ ఇతను ఫైలులో విదేశీయుడండీ," అన్నారు విశ్వపతిగారు నిమ్మకాయ ఏరుకుంటూ.

"గీత దాటుచుండగా స్వదేశీయుడైనట్లు రాయండి."

రాశారు. మర్నాడు వైకుంఠరావుకు రెండు కవర్లు ఒకేసారి వచ్చాయి. ఒకదానిలో, విధి నిర్వహణలో పడవలసిన చోట పడనందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడని మెమో. రెండోదానిలో రాష్ట్రపు ఏకైక వాస్తవిక విశ్వవిజేతగా సత్కారానికి ఆహ్వానం. రెండిటికీ సంతకం ఒకరిదే.

సత్కారసభలో శాలువా కప్పి, ఏమైనా కోరుకోమన్నారు. వైకుంఠరావు మైకు ముందు నిలబడి, ఇంక్రిమెంటు అడగలేదు, బదిలీ అడగలేదు.

"మా బడి మైదానం కాపాడండి బాబూ. అంతే."

"తప్పక కాపాడతాం!" అన్నారు కమిషనరుగారు. సభ హోరెత్తింది. ఆ సాయంత్రం అతను ఇంటికి రాకుండా తిన్నగా మైదానానికే వెళ్ళి, సున్నం గీతలన్నీ పిల్లలతో కలిసి కాళ్ళతో చెరిపేశాడు. యశోద చేతిలో తన ఈల పెట్టి ఊదమన్నాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ సంగతి దమయంతికి తెలియదు, మీరూ చెప్పకండి.

ప్రభుత్వం మాట తప్పలేదు. విజయసౌధాన్ని వేరే ఊరికి మార్చారు. మైదానాన్ని కాపాడడం మొదలుపెట్టారు. ముందు చుట్టూ ప్రహరీ కట్టారు. ప్రహరీకి ఇనుప గేటు, గేటుకు తాళం, తాళానికి కాపలావాడు. నేల మీద ఎక్కడినుంచో తెచ్చిన పచ్చగడ్డి పరిచారు. మధ్యలో నోట్లో చెంచాతో, చెంచాలో నిమ్మకాయతో వైకుంఠరావు ఫైబరు విగ్రహం నిలబెట్టారు. పొట్ట తగ్గించి చేశారు. గేటు పక్కన బోర్డు పెట్టారు: విశ్వవిజేత సాధన చేసిన చారిత్రక స్థలము. ఇచ్చట ఆటలాడుట, పరిగెత్తుట, కేకలు వేయుట నిషేధము.

బోర్డు చదివిన వైకుంఠరావు మళ్ళీ బస్సెక్కాడు. విశ్వపతిగారు ఇప్పుడు చారిత్రక స్థల పరిరక్షణ సంఘానికి అధ్యక్షులు.

"మీరే కదా కాపాడమన్నారు?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"పిల్లలు ఆడుకోవడానికి కాపాడమన్నానండి!"

"ఆ మాట మీరు మైకులో చెప్పలేదు. రికార్డు ఉంది."

వైకుంఠరావు చేతులు జోడించాడు. "నేను మళ్ళీ ఓడిపోతానండి. ఎవరి చేతిలో చెబితే వాళ్ళ చేతిలో. ఏ ఆటలోనైనా. మీ చేతిలోనే ఓడిపోతాను, రేపే పెట్టండి."

విశ్వపతిగారి ముఖంలో ఒక్క క్షణం ఆశ మెరిసింది. నిబంధన గుర్తొచ్చి ఆరిపోయింది. "లాభం లేదు. విశ్వవిజేత ఓడిపోతే స్థలానికి చారిత్రక ప్రాధాన్యం పోతుంది. పెట్టిన ఖర్చుకు ఆడిటువారు ఒప్పుకోరు. ఇకపై మీరు ఓడిపోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అడగకండి, రాదు."

ప్రారంభోత్సవం డిసెంబరు నెలాఖరున ఘనంగా జరిగింది. తన విగ్రహానికి తనే దండ వేశాడు వైకుంఠరావు. పెద్దలు కార్లెక్కాక కాపలావాడు అతన్ని కూడా మర్యాదగా బయటికి పంపి తాళం వేశాడు.

బయట ప్రహరీకీ పెద్దరోడ్డుకూ మధ్య ఎడ్లబండి పట్టేంత జాగా మిగిలింది. సాయంత్రం నాలుగున్నర. ఖోఖో జట్టు ఆ జాగాలోనే వరసగా కూర్చుని ఉంది. ఒక పిల్ల లేచి పరిగెత్తింది. ఉప్పు లారీ ఒకటి హారన్ కొడుతూ దూసుకొచ్చింది. పిల్లలందరూ చటుక్కున గోడకు అతుక్కుపోయారు. లారీ వెళ్ళాక మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మళ్ళీ ఇంకో లారీ.

వైకుంఠరావు రోడ్డు మీదికి వెళ్ళి లారీలకు అడ్డంగా చేయి చాపి నిలబడ్డాడు. మెడలో శాలువా, చేతిలో మెమెంటో. ఏడాది పొడుగునా ఊరూరా ఓడినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. నడిరోడ్డు మీద, పిల్లల ముందు, భోరుమని ఏడ్చాడు.

యశోద లేచి వచ్చి అతని చేయి పట్టుకుని రోడ్డు పక్కకు లాగింది. పరికిణీ అంచుతో తన చెమట తుడుచుకుని, అతనికేసి చూసింది. పాపం ఆ పిల్లకు అతని మీద కోపం లేదు.

"ఊరుకోండి మాస్టారండీ," అంది. "ఇంకెప్పుడూ గెలవకండేం."